పరస్పర సాంస్కృతిక అవగాహన (ప్రాథమిక భాషాబోధన)

పరస్పర సాంస్కృతిక అవగాహన అంటే వేరొక భాష మాట్లాడే ప్రజల జీవన విధానాన్ని, అలవాట్లను, ఆలోచనా రీతులను తెలుసుకోవడంతో పాటు, తమ సొంత అలవాట్లను ఇతరుల దృష్టితో చూడగలగడం. ప్రాథమిక పాఠశాలల్లో పరాయి భాష నేర్పేటప్పుడు మాటలు, వ్యాకరణంతో పాటు దీనిని కూడా నేర్పాలన్న అభిప్రాయం 1990వ దశకం నుండి ఐరోపాలో బలపడింది. ఇంగ్లండులో 2005లో వెలువడిన ప్రాథమిక భాషాబోధనా ప్రణాళిక దీనికి మాట్లాడడం, చదవడం, రాయడంతో సమానమైన స్థానం ఇచ్చింది. 2014లో అమలులోకి వచ్చిన పాఠ్యప్రణాళికలో ఆ ప్రత్యేక స్థానం లేదు. ఈ వ్యాసంలో ప్రధానంగా ఇంగ్లండు అనుభవం వివరించబడింది.

నేపథ్యం

ఇంగ్లండులో 1964లో కొన్ని ఎంపిక చేసిన పాఠశాలల్లో 8 ఏళ్ళ పిల్లలకు ఫ్రెంచి నేర్పే ప్రయోగం మొదలయింది. దానిపై క్లేర్ బర్‌స్టల్ నాయకత్వంలో జరిగిన అధ్యయనం చివరి నివేదిక 1974లో వెలువడింది. చిన్న వయసులో మొదలుపెట్టినంత మాత్రాన తరువాతి తరగతుల్లో భాషా సామర్థ్యం చెప్పుకోదగినంత పెరగలేదని ఆ నివేదిక తేల్చింది. ఆ తరువాత చాలా పాఠశాలలు ఫ్రెంచి పాఠాలను మానుకున్నాయి.

పిల్లలకు ఒక భాషను నేర్పడమే కాక, అసలు భాష అనే విషయం పట్ల కుతూహలం కలిగించాలని ఎరిక్ హాకిన్స్ వాదించాడు. ఈ విషయంపై ఆయన పుస్తకం 1984లో వచ్చింది. ఇదే కోవలో, ఒకే తరగతిలో పలు భాషలను పిల్లలకు పరిచయం చేసే 'ఎవ్‌లాంగ్' అనే ప్రయోగం మిషెల్ కాండలియె నాయకత్వంలో 1997-2001 మధ్య కొన్ని ఐరోపా దేశాల ప్రాథమిక పాఠశాలల్లో జరిగింది.

బైరం ప్రతిపాదన

డరమ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ బైరం 1997లో ప్రచురించిన గ్రంథం ఈ రంగంలో ఎక్కువగా ప్రస్తావించబడుతుంది. పరాయి భాష నేర్చుకునేవారు ఆ భాష పుట్టుకతో వచ్చినవారిలా మారనక్కరలేదని, రెండు సంస్కృతుల మధ్య నిలబడి ఒకరి మాట మరొకరికి అర్థమయ్యేలా చేయగలిగితే చాలునని ఆయన అభిప్రాయం. ఇందుకు కావలసినవి ఐదు అని ఆయన పేర్కొన్నాడు:

* కుతూహలం, తన నమ్మకమే సరైనదన్న పట్టుదల లేని మనస్తత్వం
* తన సమాజం, ఇతర సమాజాల గురించిన జ్ఞానం
* వేరొక సంస్కృతికి చెందిన విషయాన్ని అర్థం చేసుకొని, తన అనుభవంతో పోల్చి చూసే నేర్పు
* తెలియని విషయాన్ని తానుగా కనుగొని, ఎదుటివారితో వ్యవహరించేటప్పుడు వాడుకునే నేర్పు
* తన సంస్కృతిని, ఇతరుల సంస్కృతిని కూడా విమర్శనాత్మకంగా పరిశీలించగల శక్తి

వీటిలో జ్ఞానం ఒక భాగం మాత్రమే. పరాయి దేశపు పండుగల పేర్లు, వంటకాల పేర్లు వల్లెవేయించినంత మాత్రాన మిగిలిన నాలుగు అలవడవు.

2005 ప్రణాళిక

7 నుండి 11 ఏళ్ళ వయసు గల ప్రతి విద్యార్థికీ 2010 నాటికి పాఠశాల వేళల్లోనే మరొక భాష నేర్చుకునే అవకాశం కల్పించాలని ఇంగ్లండు ప్రభుత్వం 2002లో లక్ష్యంగా పెట్టుకుంది. అందుకు అనుగుణంగా 2005లో 'కీ స్టేజ్ 2 ఫ్రేమ్‌వర్క్ ఫర్ లాంగ్వేజెస్' అనే ప్రణాళికను విడుదల చేసింది. ఇందులో మూడు ప్రధాన అంశాలున్నాయి. అవి వినడం-మాట్లాడడం, చదవడం-రాయడం, పరస్పర సాంస్కృతిక అవగాహన. భాష గురించిన జ్ఞానం, భాషను నేర్చుకునే పద్ధతులు అనే మరో రెండు అంశాలు ఈ మూడింటితో కలిసి సాగుతాయి.

సాంస్కృతిక అవగాహనకు సంబంధించిన లక్ష్యాలు ఏటేటా పెరిగేలా అమర్చబడ్డాయి. మొదటి ఏడాదిలోని తొలి లక్ష్యం పరాయి దేశం గురించినది కాదు. తమ పాఠశాలలోని పిల్లలు ఇళ్ళలో ఏయే భాషలు మాట్లాడుతున్నారో తెలుసుకోవడమే ఆ లక్ష్యం. రెండవ ఏడాదిలో పండుగలు, దైనందిన జీవితం, సంప్రదాయ కథలు. మూడవ ఏడాదిలో తమ జీవితాన్ని వేరొక దేశస్థుని కళ్ళతో చూడడం. నాలుగవ ఏడాదిలో దైనందిన విషయాల పట్ల ప్రజల వైఖరులను పోల్చడం వంటివి ఉంటాయి. మొదట పక్క బల్ల మీద కూర్చున్న సహవిద్యార్థిని తెలుసుకోవడం, తరువాత దూరదేశం వైపు వెళ్ళడం ఈ క్రమంలోని విశేషం.

తరగతి గదిలో బోధన

సాంస్కృతిక అవగాహనకు వేరే పీరియడు అవసరం లేదు. భాషా పాఠంలోనే అందుకు అవకాశాలు ఉంటాయి. ఫ్రెంచి పాఠాల నుండి కొన్ని ఉదాహరణలు:

* '''సంబోధన''': ఫ్రెంచిలో 'తు', 'వు' అనే రెండు సంబోధనలు ఉన్నాయి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట ఉన్నందున ఇంగ్లీషు పిల్లలకు ఈ తేడా వింతగా తోస్తుంది. 'నువ్వు', 'మీరు' అనే తేడా ఉన్న తెలుగు ఇంటి నుండి వచ్చిన పిల్లలకు ఇది తెలిసిన విషయమే.
* '''జంతువుల కూతలు''': కోడి ఫ్రెంచిలో 'కొకొరికొ' అని, ఇంగ్లీషులో 'కాక్-ఎ-డూడుల్-డూ' అని కూస్తుంది. తెలుగు 'కొక్కొరొకో' ఫ్రెంచి కూతకే దగ్గరగా ఉంటుంది. కూత ఒకటే అయినా ప్రతి భాషా దానిని తనకు తోచినట్లు వింటుందని పిల్లలు గ్రహిస్తారు.
* '''వారాల పేర్లు''': ఫ్రాన్సులో చాలా ప్రాథమిక పాఠశాలలకు బుధవారం సెలవు. వారాల పేర్లు నేర్పేటప్పుడు ఈ విషయం చెబితే, బడి వారం అన్నిచోట్లా ఒకేలా ఉండదని తెలుస్తుంది.
* '''అంకెలు''': 70ని ఫ్రాన్సులో 'అరవై-పది' అనే అర్థం వచ్చేలా చెబుతారు. బెల్జియం, స్విట్జర్లాండులలో దానికి 'సెప్తాంత్' అనే వేరే మాట ఉంది. ఫ్రెంచి ఒక్క దేశపు భాష కాదని ఇది తెలియజేస్తుంది.
* '''పాలపళ్ళు''': ఊడిన పన్నును ఇంగ్లండులో దేవకన్య, ఫ్రాన్సులో చిట్టెలుక వచ్చి తీసుకుపోతుందని పిల్లలకు చెబుతారు. తెలుగునాట పలు ఇళ్ళలో దానిని ఇంటి కప్పు మీదికి విసిరే అలవాటు ఉంది.

ఐరోపా మండలి 2009లో ప్రచురించిన 'ఆటోబయోగ్రఫీ ఆఫ్ ఇంటర్‌కల్చరల్ ఎన్‌కౌంటర్స్' అనే ప్రశ్నావళికి చిన్నపిల్లల కోసం ప్రత్యేక రూపం ఉంది. వేరొక సంస్కృతికి చెందిన వ్యక్తిని కలిసినప్పుడు ఏం జరిగింది, తనకేమనిపించింది, ఎదుటివారికి ఏమనిపించి ఉంటుంది అనే విషయాలను విద్యార్థి దాని సాయంతో గుర్తు చేసుకుంటాడు.

ఇబ్బందులు

* పండుగలు, వంటకాలు, ప్రసిద్ధ కట్టడాలకే పాఠం పరిమితమైతే ఒక దేశ ప్రజలందరూ ఒకే తీరున ఉంటారన్న మూస అభిప్రాయం పిల్లలలో నాటుకుపోయే ప్రమాదం ఉంది.
* కొత్తగా నేర్చుకుంటున్న కొద్దిపాటి మాటలతో లోతైన చర్చ చేయడం సాధ్యం కాదు. చర్చను తెలిసిన భాషలో జరిపితే కొత్త భాషకు సమయం తగ్గుతుంది.
* పదజాలాన్ని పరీక్షించడం సులభం. వైఖరిలో వచ్చిన మార్పుకు మార్కులు వేయడం కష్టం. అందువలన సమయం చాలనప్పుడు ముందుగా వదిలివేయబడేది ఈ అంశమే.
* ఇంట్లో వేరే భాష మాట్లాడే విద్యార్థిని తన జాతికంతటికీ ప్రతినిధిగా నిలబెట్టి ప్రశ్నలు వేస్తే ఆ విద్యార్థికి ఇబ్బంది కలుగుతుంది. చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టానికే వదలాలి.

2014 తరువాత

2013లో ప్రచురించబడి 2014 సెప్టెంబరు నుండి అమలయిన జాతీయ పాఠ్యప్రణాళిక ప్రకారం ఇంగ్లండు ప్రభుత్వ పాఠశాలల్లో 7-11 ఏళ్ళ పిల్లలకు మరొక భాష నేర్పడం తప్పనిసరి అయింది. భాషాభ్యాసం ఇతర సంస్కృతులకు ద్వారం తెరుస్తుందన్న భావం దీని ఉపోద్ఘాతంలో కనిపిస్తుంది. అయితే సాంస్కృతిక అవగాహనకు విడిగా లక్ష్యాలు ఇవ్వలేదు. ఆ పని ఉపాధ్యాయుల శ్రద్ధపై ఆధారపడి ఉంది.

తెలుగునాట

పిల్లల ఇంటిభాషను తరగతి గదిలోకి తేవాలన్న ఆలోచన తెలుగునాట వేరొక రూపంలో అమలయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలయిన బహుభాషా విద్యా కార్యక్రమంలో గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషలలో ప్రాథమిక పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. వాటి ముఖ్యోద్దేశం గిరిజన పిల్లలు మాతృభాషతో చదువు మొదలుపెట్టి క్రమంగా తెలుగు నేర్చుకోవడం. ఇంగ్లండు ప్రణాళికలోని తొలి లక్ష్యానికీ దీనికీ ఒక పోలిక ఉంది. బడిలో తన భాషకు చోటు దొరికిన విద్యార్థికి పరాయి భాష తన భాషను తోసివేసేదిగా కాక, దాని పక్కన మరొకటిగా కనిపిస్తుంది.

ఇవి కూడా చూడండి

* మాతృభాష
* బహుభాషా విద్య
* ప్రాథమిక విద్య