కథాపటము నుండి కంప్యూటరు తెర వరకు

చేర్యాల పటములను చూచినవారు మా శ్రోతలలో పలువు రుందురు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు చేర్యాల సిద్దిపేట జిల్లాలో చేరినది గాని, అంతకు పూర్వ మది ఓరుగల్లు జిల్లాలో జనగామతో కలిసిమెలిసి యుండెడి ఊరు. అచ్చటి నకాషీ చిత్రకారులు నేతగుడ్డకు చింతగింజల జిగురును, బియ్యపు గంజిని, సుద్దమట్టిని కలిపి పూత పూసి, ఆరబెట్టి, ఎఱ్ఱని రంగుపై బొమ్మలు వ్రాయుదురు. పటము వెడల్పు సుమారు 3 అడుగులు; పొడవు 40 అడుగులను మించినవియు కలవు.

అంత పొడవు పటమును కథకు డొక్కసారిగ విప్పడు. దానిని వ్రేలాడదీసి ఒక్కొక్క గడినే చూపుచు, ఆ గడిలోని కథ పాడి ముగించిన పిదపనే తరువాతి గడిని విప్పును. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును ఈ విధముగనే వినిపించుచు వచ్చిరి. మహబూబాబాదు, భూపాలపల్లి అడవుల వైపున కోయలకు ‘పడిగె’ యను బొమ్మల గుడ్డ కలదు. అందు నిలిపిన వంశగాథను డోలీలు జనుల యెదుట పాడుదురు.

ఈ పద్ధతిలో మూడు పనులు మూడు చేతులలో నున్నవి. కథ ఆ కులమువారిది, బొమ్మ చిత్రకారునిది, ఏ గడి ఎప్పుడు విప్పవలెనో తెలిసిన నడక కథకునిది. పటము జీర్ణించినపుడు దానికి ఉత్తరక్రియలు జరిపి నీట విడిచి, క్రొత్తది వ్రాయించుకొనుట ఆచారము. గుడ్డ పోయినను కథ పోదు. కథ మారకయే బొమ్మల సొగసు మారవచ్చును. ఈ విభజనను శ్రోతలు మనస్సున నుంచుకొన్నచో, నేడు మేము చెప్పబోవు కంప్యూటరు చరిత్ర సులభముగ బోధపడగలదు.

బడిలోను, సభలోను వక్త వెనుక తెరపై ఒకదాని వెంట నొకటి వచ్చు స్లైడులను ఇప్పు డెరుగనివారు లేరు. వానికి ప్రసిద్ధి తెచ్చిన పవర్‌పాయింటును ఫోర్‌థాట్ అను చిన్న సంస్థ 1987లో మకింతోషు కంప్యూటరు కొరకు వెలువరించెను. అదే సంవత్సరమున మైక్రోసాఫ్టు సంస్థ ఫోర్‌థాటును 1 కోటి 40 లక్షల డాలర్లకు కొనెను. ఆ సాధనము వక్తలకు చేసిన మేలు కాదనరానిది. కాని దానిలో మాట, అలంకారము, నడక యను మూడును ఒకే దస్త్రమున ముడివడినవి. ఆ దస్త్రపు నిర్మాణ వివరములు 2008 వరకు అందరికిని స్వేచ్ఛగ లభింపలేదు. పెట్టె వక్తదే యైనను తాళపుచెవి మరియొకరి చేత నున్నట్లయినది.

ఆ ముడి విప్పిన మార్గము వెబ్బు వలన వచ్చినది. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బర్నర్స్-లీ 1989లో దీనిని ప్రతిపాదించిరి. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సంస్థ వెబ్బు సాధనములను సర్వజనుల సొత్తుగ ప్రకటించెను. ఆరంభమున రచనయు దాని రూపమును ఒకే పుటలో కలగాపులగముగ నుండెడివి. రచన నొకచోట, అలంకార నియమముల నింకొకచోట నుంచవలెనని హోకన్ వియుమ్ లీ 1994లో సూచించిరి. అది 1996 డిసెంబరులో వెబ్బు ప్రమాణమయ్యెను. ఆ నియమావళినే సి.యస్.యస్. అందురు. దానికి జావాస్క్రిప్టు అను చిన్న ఆజ్ఞల భాష తోడైనది. కథ, బొమ్మ, నడక యను మన పటపు విభజన ఇచ్చటను మూడు భాగములుగ ఏర్పడినది.

ఈ మూడింటిని కూర్చి స్లైడులుగ చూపు చట్రములు పిదప పుట్టినవి. ఒపేరా అను బ్రౌజరు వెబ్బు పుటనే స్లైడులుగ చూపు ఏర్పాటు చేసెను గాని, అది ఆ బ్రౌజరులో మాత్రమే పనిచేయుచుండెను. ఎరిక్ మేయర్ 2004లో ‘ఎస్5’ అను చట్రమును కల్పించి, ఏ బ్రౌజరులోనైన నడుచునట్లు చేసి, దానిపై తనకు హక్కేమియు నుంచుకొనక లోకమునకు విడిచిపెట్టిరి. రచన అంతయు ఒకే పుట. మీట నొక్కిన కొలది ఒక భాగము మరుగై మరియొక భాగము కనబడును. ఆ మరుసటి సంవత్సరము డేవ్ రాగెట్ ‘స్లైడీ’ని రచించిరి. వెబ్బు ప్రమాణములను నిర్ణయించు మండలిలో పనిచేసిన రాగెట్ తమ ప్రసంగములను వెబ్బు భాషలోనే చూపదలచుట సహజమే.

2010 తరువాత బ్రౌజరులకు బొమ్మలను త్రిప్పుట, దూరము జరుపుట, దగ్గరకు తెచ్చుట మొదలగు శక్తులు కలిగినవి. పోలండు దేశీయుడు బార్టెక్ షోప్కా వాని నాధారముగ చేసికొని ‘ఇంప్రెస్.జేయస్’ కల్పించిరి. అందు స్లైడులు వరుసలో నుండక ఒక విశాలమైన తలముపై చెదరియుండును. చూపు ఒకదాని నుండి మరియొకదానికి ఎగురును. దాదాపు ఆ కాలముననే, 2011లో, హకీమ్ ఎల్ హత్తాబ్ ‘రివీల్.జేయస్’కు నాంది పలికిరి. నేడు ఈ కోవలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఇదియే. ఇందు స్లైడులు అడ్డముగను నిలువుగను సాగును. ప్రధాన కథ అడ్డముగ నడచుచుండగా, వివరము కోరినవారు ఒకచోట నిలిచి క్రిందికి దిగవచ్చును. వక్త తనకు మాత్రమే కనబడునట్లు సూచనలు వ్రాసికొనవచ్చును. 2020లో వచ్చిన నాలుగవ కూర్పున ఒక స్లైడులోని వస్తువు తరువాతి స్లైడులో తన చోటికి తానే కదలిపోవు వసతి చేరినది.

దీని నెవరైనను వెల లేక తీసికొనవచ్చును, మార్చవచ్చును, మార్చినదానిని అమ్మవచ్చును సైతము. మొదటివారి పేరును, అనుమతి పత్రమును తొలగింపకుండిన చాలును. ఈ స్వేచ్ఛ వలననే ఒకరి చట్రమును చూచి వేరొకరు దానికంటె మెరుగైనది నిర్మింప గలిగిరి. అయితే లోపములును లేకపోలేదు. వెబ్బు భాష కొంతయైన తెలియనివారికి ఇది కొరుకుడుపడదు. పల్లెబడి ఉపాధ్యాయునకు పవర్‌పాయింటే నేటికిని సులభము. ఇది దాచదగిన మాట కాదు.

మరి తెలుగువారికి దీని వలన కలుగు లాభ మేమి? ఆ నడుమ మేము ఇరువది యేండ్లనాటి ప్రసంగపాఠము నొకదానిని కంప్యూటరులో తెరచి చూచితిమి. తెరపై కనబడినది తెలుగు కాదు, అర్థము లేని గుర్తుల గుంపు. పూర్వము ఒక్కొక్క తెలుగు ఖతికి ఒక్కొక్క సంకేతపద్ధతి యుండెడిది. ఆ ఖతి లేని యంత్రమున ఆ రచన మూగదియే. ప్రసంగించినవారు గతించిరి, పాఠము మా చేత నున్నను చదువలేకపోతిమి. చదువుట తెలియనప్పుడు చెదలు తినినను, తినకున్నను భేదమేమి?

ఈ చిక్కు తీరినది కూడ బహిరంగ పద్ధతి వలననే. యూనీకోడు 1991లో తన మొదటి కూర్పుననే తెలుగునకు 128 స్థానముల గడిని కేటాయించెను. పాత ఖతులలోని వెబ్బు పుటలను యూనీకోడునకు మార్చుటకు వెన్న నాగార్జున గారు ‘పద్మ’ యను ఉపకరణమును రచించిరి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు ‘పోతన’, ‘వేమన’ యను ఖతులను రూపొందించి స్వేచ్ఛగ పంచిరి. పోతన యింటిపేరు నిలిపిన బమ్మెర గ్రామము నేడు జనగామ జిల్లాలోనిదే. తన కృతిని రాజుల కీయనొల్లడయ్యెనని ప్రతీతి గల కవి పేరు, ఒకరి సొత్తు గాని అక్షరములకు తగియే యున్నది. అట్టి ఖతిని నేడు స్లైడుల పుటతో కట్టి పంపవచ్చును. అందుకొన్న యంత్రమున ఆ ఖతి లేకున్నను తెలుగు తెలుగుగనే కనబడును.

కనుక చట్రము సిద్ధముగ నున్నది, అక్షరము సిద్ధముగ నున్నది, కొరవడినది విషయము. కూనపులివారి పాటను, డోలీల గాథను ఆయా గడుల బొమ్మలతో, గొంతుతో సహా ఈ చట్రమున నిలుపుటకు ఇప్పు డడ్డంకి లేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల కళాశాల విద్యార్థులు ఒక్కొక్క పటమును చేపట్టినను అది చిన్న పని కాదు. అయినను ఒక మాట మరువరాదు. చట్రమును లోకమునకు విడిచినవారు తమ సొత్తును తాము విడిచిరి; పటపు కథ మన సొత్తు కాదు, దానిని తరతరములుగ మోసినవారిది. వారి నడిగి, వారి పేరు నిలిపి, వారి చేతనే చెప్పించుట న్యాయము. పరుల పేరు తొలగింపవద్దని రివీల్.జేయస్ అనుమతి పత్రము కోరుచున్నది. ఆ పాటి మర్యాద మన కథకులకును దక్కవలెను గదా!

పటము నీట కలిసినపుడు క్రొత్త పటము వ్రాయించుకొనుట మన పెద్దల కాచారము. వ్రాయించుకొనుటకు పాడువారు మిగిలియుండవలెను. వారి గొంతు వినబడుచున్నపుడే ఆ పనికి పూనుకొనుట మంచిది.