మోట కుట్టిన చెయ్యి ఏ బొమ్మలో ఉంది?

పిల్లల కోసం రాసే చరిత్ర పుస్తకాలు రెండు రకాలు. ఒకటి రాజులది. దాని మీద మనం చాలా కొట్లాడాం, ఇంకా కొట్లాడుతూనే ఉన్నాం. రెండోది ‘ఆ రోజుల్లో జనం ఎట్లా బతికారు’ అని చెప్పేది. ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, దీపం దేనితో వెలిగించారు, నీళ్లు ఎట్లా తోడారు అనేవి అందులో ఉంటాయి. యుద్ధాలుండవు, పట్టాభిషేకాలుండవు. జనం చరిత్రే కదా అని నమ్మేస్తాం. టీచర్లు కూడా ఇష్టంగా చదివిస్తారు. నన్నడిగితే రాజుల పుస్తకం కన్నా దీన్నే ఎక్కువ అనుమానించాలి. రాజుల పుస్తకంలో తాను లేనని వాడ పిల్లకు తెలిసిపోతుంది. రెండోది మన పనినంతా తీసుకుంటుంది, ఆ పని చేసిన మనిషిని మాత్రం బయటే నిలబెడుతుంది.

ఈ రకం పుస్తకాలకు అమెరికాలో వందేళ్లు దాటిన సంప్రదాయం ఉంది. 1776కు ముందు ఇంగ్లండ్ ఏలుబడిలో ఉన్న పదమూడు వలసల కాలం గురించి అక్కడి పిల్లలు చిన్న తరగతుల్లోనే చదువుతారు. ఆలిస్ మోర్స్ అర్ల్ అనే ఆమె 1898లో ఆ కాలపు ఇంటి జీవితం మీద, 1899లో పిల్లల జీవితం మీద పుస్తకాలు వేసింది. తర్వాత వచ్చిన పిల్లల పుస్తకాలకు అవి దారి చూపాయి. 1957లో ఎడ్విన్ ట్యూనిస్ ఆ కాలపు పనిముట్లను ఒక్కొక్కటిగా బొమ్మలు గీసి చూపాడు. శంషాబాద్‌లో విమానం ఎక్కి పోయిన తెలుగువాళ్ల పిల్లలు వర్జీనియాలో, న్యూజెర్సీలో ఈ పాఠాలే చదువుకుంటారు. కొవ్వును కరిగించి వత్తిని ముంచి కొవ్వొత్తి చేయడం, రాట్నం వడకడం, వెన్న చిలకడం లాంటివన్నీ చూడముచ్చటైన బొమ్మలు. పిల్లలకు నచ్చుతాయి, పెద్దలకూ నచ్చుతాయి.

ఇప్పుడు ఆ బొమ్మల వెనక్కి పోదాం. వలసకాలపు సౌత్ కరోలినా వరితో బాగుపడింది. ఆ వరిని మడి కట్టి పండించిన నైపుణ్యంలో పెద్ద పాలు పశ్చిమ ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలది. వాళ్లు తమ దేశంలో వరి పండించినవాళ్లు. రోట్లో దంచారు, గడ్డితో అల్లిన చేటల్లో చెరిగారు. 18వ శతాబ్దం మొదట్లోనే అక్కడ తెల్లవాళ్ల కన్నా నల్లవాళ్ల సంఖ్య ఎక్కువ. 1740లో అదే సౌత్ కరోలినా బానిసలకు రాయడం నేర్పకూడదని చట్టం చేసింది. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో 1760 నుంచి 1774 దాకా నల్లపిల్లల కోసం ఒక బడి నడిచింది. నడిపించింది ఇంగ్లండు మిషనరీ దాతలు. చదవడం నేర్పారు, దానితోపాటు యజమానికి అణిగి ఉండాలని కూడా నేర్పారు. ఆ ఊరినే 1926 తర్వాత రాక్‌ఫెల్లర్ డబ్బుతో పాతకాలపు ఊరిగా తిరిగి కట్టి పిల్లలకు చూపిస్తున్నారు. 18వ శతాబ్దంలో ఆ ఊరి జనంలో దాదాపు సగం మంది నల్లవాళ్లు. వాళ్ల కథను నల్ల కళాకారుల చేత చెప్పించడం మొదలైంది మాత్రం 1979లో.

పుస్తకాల సంగతీ అంతే. 1962 నుంచి 1964 దాకా అచ్చయిన 5,206 పిల్లల పుస్తకాలను నాన్సీ లారిక్ లెక్కేసింది. ఒక్క నల్లమనిషైనా కనిపించే పుస్తకాలు 349, అంటే నూటికి ఏడు కూడా లేవు. వర్జీనియా ప్రభుత్వం 1957లో తెచ్చిన పాఠ్యపుస్తకంలో ఓడ దిగిన బానిస కుటుంబం మంచి బట్టలు కట్టుకుని యజమానితో చెయ్యి కలుపుతున్న బొమ్మ వేశారు. బొమ్మలో లేకుండా చేయడం ఒక అబద్ధం, బొమ్మలో నవ్వించడం ఇంకో అబద్ధం. రెండోది ఇప్పటికీ పోలేదు. జార్జి వాషింగ్టన్ ఇంట్లో వంట చేసిన బానిస హెర్క్యులిస్, అతని కూతురు నవ్వుకుంటూ పుట్టినరోజు కేకు చేస్తున్నట్టు వేసిన పుస్తకాన్ని 2016 జనవరిలో జనం తిట్టిపోస్తే ప్రచురణ సంస్థ వెనక్కి తీసుకుంది. అసలు హెర్క్యులిస్ 1797లో వాషింగ్టన్ పుట్టినరోజు నాడే పారిపోయాడు. ఆ సంగతి కథలో లేదు.

నల్లవాళ్లు ఊరికే కూర్చోలేదు. డుబాయిస్ 1920, 1921 సంవత్సరాల్లో నల్లపిల్లల కోసమే ‘బ్రౌనీస్ బుక్’ అనే నెలపత్రిక నడిపించాడు. రెండేళ్లకే ఆగిపోయింది, కానీ పిల్లల పుస్తకం కూడా పోరాట స్థలమే అని అప్పుడే గుర్తించారు. మనం గుర్తించింది చాలా ఆలస్యంగా.

అమెరికా సంగతి మనకెందుకు అనేవాళ్లుంటారు. 1873లో జోతిబా ఫూలే ‘గులాంగిరి’ని బానిసత్వం రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చాడు. 1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. పోల్చి చూసుకోవడం మన పెద్దలు నేర్పిన పనే. బానిసత్వం, కులం ఒకటి కావు. అక్కడ మనిషిని సంతలో అమ్మారు. ఇక్కడ అమ్మాల్సిన అవసరమే రాలేదు, పుట్టుకతోనే పని అంటగట్టారు, పైగా అంటరానివాణ్ణి చేశారు. కానీ పిల్లల పుస్తకంలో మనిషిని మాయం చేసే పద్ధతి రెండు చోట్లా ఒక్కటే.

తెలుగులో ఆ పని ఇంకా తేలిక. మన వ్యాకరణమే సాయం చేస్తుంది. ‘పూర్వం బావుల్లోంచి మోటలతో నీళ్లు తోడేవారు’ అంటే వాక్యం పూర్తయిపోతుంది. ఎవరు తోడేవారు? చెప్పక్కర్లేదు. ‘తోలుతో చెప్పులు కుట్టేవారు’, ‘వడ్లు దంచేవారు’, ఇవీ అంతే. ఆ ‘వారు’ ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు, పుస్తకంలో ఎవరికీ తెలియదు. ఇక పెద్దవాళ్ల విషయం వస్తే ‘కట్టించాడు’, ‘తవ్వించాడు’. శంషాబాద్ పక్కనే ఉన్న హిమాయత్‌సాగర్‌ను తీసుకోండి. 1908లో మూసీ వరద ఊరిని ముంచేశాక, ఈసీ నది మీద కట్ట వేసి 1927కు పూర్తి చేశారు. ఏడో నిజాం కట్టించాడు అని చదువుతాం. కట్టించాడంటే కట్టినవాళ్లు వేరే ఉన్నారని ఆ మాటే ఒప్పుకుంటున్నది. కానీ పిల్లవాడు ‘సార్, కట్టిందెవలు?’ అని అడిగితే పుస్తకం దగ్గర జవాబు లేదు.

శంషాబాద్ పేరు వెనకే ఒక పుస్తకాల కథ ఉంది. నిజాంల దగ్గర పైగా అమీర్ల బిరుదు షంసుల్ ఉమ్రా. ఊరికి ఆ బిరుదు మీదే పేరు వచ్చిందంటారు. రెండో షంసుల్ ఉమ్రా ఫక్రుద్దీన్ ఖాన్ సైన్సు అంటే ప్రాణం పెట్టినవాడు. సొంతంగా రాతి అచ్చుకూటం పెట్టాడు, బడి పెట్టాడు. ఇంగ్లీషులోని సైన్సు పాఠాలను ఉర్దూలోకి మార్పించి 1840 ప్రాంతంలో ‘సిత్తా షంసియా’ పేరుతో ఆరు భాగాలుగా అచ్చేయించాడు. దక్కన్‌లో చదువుకునే కుర్రాళ్లకు దేశభాషలో సైన్సు అందించిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. దాన్ని తక్కువ చేసి చూడాల్సిన పని లేదు. నీటి ఒత్తిడి, గాలి, యంత్రాలు అన్నీ అందులో పాఠాలయ్యాయి. సరిగ్గా అదే కాలంలో తెలంగాణ పల్లెల్లో బావి నీటిని పైకి తెచ్చే యంత్రాన్ని తయారు చేస్తున్నది మాదిగవాడ. ఆ వాడ పిల్లలకు ఆ పుస్తకం అందలేదు. ఆ వాడ సైన్సు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. హైదరాబాద్‌లో మన పిల్లల కోసం మన మనిషి బడి తెరవడానికి 1910 దాకా ఆగాల్సి వచ్చింది. ఇసామియా బజారులో ఆ బడి పెట్టినవాడు భాగ్యరెడ్డి వర్మ.

మోట గురించి కాస్త వివరంగా చెప్పాలి. చచ్చిన పశువును ఊరవతలికి మోసుకుపోవాలి, ఒలవాలి. తోలును సున్నం నీళ్లలో నానబెడితే వెంట్రుక వదులుతుంది. లోపలి కండను గీకి, కడిగి, తర్వాత తంగేడు చెక్క నానిన లందలో రోజుల తరబడి ఉంచాలి. కొన్నిచోట్ల తోలును సంచిలా కుట్టి, కొమ్మకు వేలాడదీసి, తంగేడు నీళ్లు లోపల పోసేవాళ్లు, అది మెల్లమెల్లగా తోలులోకి దిగేది. చెక్క ఎంత వెయ్యాలి, ఎన్నాళ్లుంచాలి, వాసన ఎట్లా మారితే తోలు పండినట్టు అనేది చేతికి, ముక్కుకు తెలిసిన లెక్క. పచ్చితోలు వారం రోజుల్లో కుళ్లిపోతుంది, పండిన తోలు ఏళ్ల తరబడి నీళ్లలో నాని కూడా చెడదు. ఇది రసాయనశాస్త్రం కాకపోతే మరేమిటి? ఆ తోలుతో కింద తొండం ఉన్న సంచి కుట్టాలి. ఎద్దులు వాలు దిగుతుంటే మోట పైకి వస్తుంది, పైకి రాగానే తొండం కిందికి వంగి నీళ్లు కాలువలో పడతాయి. కుట్టు వదిలితే సగం నీళ్లు బావిలోకే పోతాయి. ఊరి పంట అంతా ఆ కుట్టు మీద ఆధారపడింది.

తంగేడు పువ్వును మన పిల్లలందరూ గుర్తుపడతారు. బతుకమ్మలో పేరుస్తారు, తెలంగాణ రాష్ట్ర పుష్పం అని జనరల్ నాలెడ్జిలో చదువుతారు. అదే చెట్టు చెక్క లందలోకి పోయేదని ఏ వాచకమూ చెప్పదు. పువ్వు సంస్కృతి అయింది, చెక్క కంపు అయింది.

ఇంకో విషయం. ఆ మోటకు కూలి ఉండేదా? పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వేసిన తెలంగాణ పోరాట చరిత్రలో వెట్టిని కులం కులం వారీగా చెప్పాడు. పశువు తోలు తీసి, చెప్పులు, మోట తోళ్లు దొరకు ఉచితంగా ఇవ్వడం, ఇంటికొక మనిషి వెట్టికి పోవడం, తప్పాల మోయడం అన్నీ అందులో ఉన్నాయి. అప్పు కింద తరాల తరబడి పనిచేసే భగేలాల మీద నిజాం సర్కారు 1936లో చట్టం తెచ్చింది, అమలు సంగతి దొరల చేతుల్లోనే ఉండిపోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, పైగాలూ పోయాయి. పిల్లల కథల్లో మాత్రం దయగల జమీందారు పోలేదు. 1947లో మొదలైన చందమామను మనలో చాలామంది ప్రాణంగా చదివాం. అందులో ఊరంటే జమీందారు, షావుకారు, పండితుడు, తెలివైన రైతు. వాడ అరుదు. ఎస్.సి.దూబే 1950ల మొదట్లో షామీర్‌పేటలో ఉండి, ఏ కులం ఏ పని చేస్తుందో వివరంగా రాసి 1955లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. అది యూనివర్సిటీ పుస్తకం. దాంట్లోంచి పిల్లల పుస్తకం ఎవరూ తియ్యలేదు.

దారి మళ్లింది 2007, 2008 సంవత్సరాల్లో. కంచ ఐలయ్య కుమ్మరి, చాకలి, మంగలి, తోలుపని చేసేవాళ్ల జ్ఞానాన్ని బడిపిల్లలకు పాఠంలా చెబుతూ ఇంగ్లీషులో పుస్తకం రాశాడు, గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేసింది. మరుసటి ఏడు హైదరాబాద్‌లోని అన్వేషి, ‘డిఫరెంట్ టేల్స్’ అని తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో పిల్లల కథల వరస తెచ్చింది. గోగు శ్యామల తాటకి, బడెయ్యల కథలు, ఖదీర్‌బాబు తలకాయ కూర కథ అందులోవే. ఇక్కడ పిల్లలు పొలానికి పోతారు, మాంసం వండుకు తింటారు, అవమానపడతారు, ఎదిరిస్తారు. ‘వారు’ అనే ముసుగు లేదు, మనుషులకు పేర్లున్నాయి. ఒక చిన్న అసంతృప్తి మాత్రం ఉంది. అవి కథలు. ట్యూనిస్ పనిముట్టును గీసినట్టు, లందను, మోట తొండాన్ని, ఆరె కత్తిని కొలతలతో గీసి, పక్కనే దాన్ని చేసిన మనిషినీ అతనికి దక్కిన గింజల లెక్కనూ పెట్టిన పుస్తకం ఇంకా కావాలి.

దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలంటే శంషాబాద్ చుట్టుపక్కలే అంటాను. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. దానికోసం మామిడిపల్లి, గొల్లపల్లి లాంటి ఊళ్ల భూములు తీసుకున్నారు. ఎకరాలు వేలల్లో పోయాయి. వాటితోపాటు బావులూ పోయాయి. కరెంటు మోటార్లు రాకముందు చిన్నపిల్లలుగా మోట వెంట నడిచినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటారు. పాత పహాణీలు తీస్తే ఏ సర్వే నంబరులో ఎవరి బావి ఉందో దొరుకుతుంది. ఆ బావికి మోట ఎవరి ఇంటి నుంచి వచ్చేదో పహాణీలో కాలమ్ లేదు. టీచర్లు ఎనిమిదో తరగతి పిల్లలను వాడకు పంపి అడిగించాల్సినవి ఇవి: మోటకు ఎన్ని తోళ్లు పట్టేవి? ఎన్నేళ్లు వచ్చేది? తంగేడు ఎక్కడి నుంచి కొట్టుకొచ్చేవాళ్లు, కొట్టనిచ్చేవాళ్లా? లంద దగ్గర ఆడవాళ్ల పని ఏమిటి? కళ్లంలో ఎన్ని గింజలు పోసేవాళ్లు, పోయని ఏడు ఏం జరిగేది? తాను కుట్టిన మోటతో తోడిన నీళ్లను ఆ మనిషి ఆ బావి దగ్గర తాగగలిగేవాడా?