కృష్ణా పశ్చిమ డెల్టా వ్యవసాయం: చరిత్ర

ప్రకాశం బ్యారేజీ కుడి గట్టు నుంచి బయలుదేరే కాలువల కింద తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో సాగే మాగాణి సేద్యమిది. వరి ప్రధాన పంట. రెండో పంటగా మినుము, మొక్కజొన్న, జొన్న వేస్తారు. నది వెంట కొల్లిపర వైపు పసుపు, అరటి, కంద. తీరాన నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులు కనిపిస్తాయి.

క్రీస్తు పూర్వపు భట్టిప్రోలు స్తూపం నాటికే ఇక్కడ నిలకడైన ఊళ్లున్నాయి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ నౌక 'గ్లోబ్' బట్టల వ్యాపారం కోసం నేటి నిజాంపట్నం రేవుకు వచ్చింది.

1832–33 నాటి నందన కరువు గుంటూరు జిల్లాను తుడిచిపెట్టింది. దాదాపు 5 లక్షల జనాభాలో లక్షన్నరకు పైగా చనిపోయారని అంచనా. కృష్ణ పక్కనే ఉన్నా ఆ నీటిని పొలానికి మళ్లించే కట్టడం లేదు. ఆ కరువు తర్వాతే ఆనకట్ట ప్రతిపాదనకు బలం వచ్చింది. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో బెజవాడ వద్ద పనులు మొదలై 1855లో పూర్తయ్యాయి. రెండు గట్లనూ కొండలుండటంతో రాయికి కొదవ లేకపోయింది.

కాలువలు పంటతో పాటు రవాణాను కూడా మార్చాయి. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలవడంతో డెల్టా నుంచి మద్రాసు దాకా పడవ దారి ఏర్పడింది. 1916లో రేపల్లెకు రైలు వచ్చింది. మూడు కాలువల నడుమ పెరిగిన తెనాలి ధాన్యం వ్యాపారంతో, నాటకాలతో 'ఆంధ్రా పారిస్' అనిపించుకుంది. దుగ్గిరాల పసుపు మార్కెట్టుగా పేరు తెచ్చుకుంది. పొన్నూరు పక్కనున్న నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా రైతు ఉద్యమానికి నాయకుడై, 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పాటులో ముఖ్యపాత్ర వహించాడు.

1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలిసింది. తెలుగు ప్రాంతానికి ఇదే మొదటిది. 1952లో పాత ఆనకట్టకు గండిపడగా, దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. తూర్పు, పశ్చిమ డెల్టాలు కలిపి దాదాపు 13 లక్షల ఎకరాలకు దీని నీరే ఆధారం.

నీటి తర్వాత వంతు విత్తనానిది. బాపట్లలో రూపొందిన బీపీటీ 5204 వరి రకం 1986లో విడుదలైంది. రైతులకు ఇది సాంబ మసూరి. మద్రాసు రాష్ట్రం నాటి జీఈబీ 24, తైవాన్ పొట్టి రకం టీఎన్ 1, మలేషియా మసూరి దీని మూలాలు. సన్నని గింజ, మెత్తని అన్నం, మంచి ధర: ఈ మూడూ ఒక్క రకంలో కుదరడం అపురూపం. అయితే పంటకాలం 150 రోజుల దాకా పడుతుంది. అగ్గితెగులు, ఎండాకు తెగులు త్వరగా సోకుతాయి. ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి 2008లో అందించాయి.

వరి వెనక మినుము వేసే తీరు డెల్టా రైతు నేర్పుకు నిదర్శనం. కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఉండగానే, నిలిచి ఉన్న వరిలో మినుములు చల్లుతారు. దుక్కి లేదు, తడి లేదు. కోత కోసి పనలు తీసేసరికి మొలకలు పైకి కనిపిస్తాయి. మిగిలిన పదును, మంచు మీదే పంట చేతికొస్తుంది. పల్లాకు తెగులు బెడద పెరిగాక చాలామంది దుక్కి దున్నకుండా వేసే మొక్కజొన్నకు మళ్లారు.

నీరు తెచ్చినంత శ్రద్ధగా మురుగును పంపలేదు. కాలువ చివరి భూములకు వేసవిలో నీటి ఎద్దడి, వర్షాకాలంలో ముంపు; తీరాన చౌడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు ఈ తీరాన్నీ ముంచింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్దే తీరం దాటి, కోతకొచ్చిన వరిని నీట ముంచింది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో రేపల్లె కలిసింది; తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. ఈ మూడు ప్రాంతాల్లోనూ పొలం చాలావరకు కౌలు రైతు చేతిలో ఉంది. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుంటారు కనుక తుపాను నష్టం ఎక్కువగా అతని మీదే పడుతుంది. రుణానికి, పంట బీమాకు దారి చూపేందుకు 2011లో, మళ్లీ 2019లో చట్టాలు వచ్చాయి. 2019 చట్టం కింద గుర్తింపు కార్డు పొందడానికి భూయజమాని సంతకం తప్పనిసరి చేశారు.