తప్పు క్లచ్‌దా, కాలిదా?

ట్రాక్టర్లు చేసి కోట్లు గడించిన ఫెరూచ్చో లంబోర్గినికి తన ఫెరారీ 250 జీటీతో ఒకటే పేచీ. క్లచ్ నిలిచేది కాదు. రిపేరుకు పంపడం, బాగై రావడం, కొన్నాళ్లకే మళ్లీ జారడం. విసుగెత్తి కారును తన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలోనే విప్పించి, వేరే క్లచ్ వేయించుకున్నాడంటారు. ఆ తర్వాత నేరుగా ఫెరారీ కంపెనీ అధిపతి ఎంజో ఫెరారీ ముందే తన ఫిర్యాదు పెట్టాడట. ఎంజో ఊరుకునే రకం కాదు. లోపం కారులో లేదని, ట్రాక్టర్లు తోలుకునేవాడికి ఫెరారీ నడపడం ఎలా వస్తుందని ఎదురు వడ్డించాడట.

ఈ సంభాషణ లోకానికి ఎక్కువగా ఫెరూచ్చో నోటి నుంచే తెలిసింది కాబట్టి ఎంతవరకు నిజమో తేల్చలేం. స్పోర్ట్స్ కార్లలో లాభం బాగుంటుందని లెక్క వేసుకునే ఆయన ఈ రంగంలోకి దిగాడనేవారూ ఉన్నారు. ఎంజో మాటలో పొగరు మాత్రం కనిపిస్తూనే ఉంది. అందులో పిసరంత నిజం కూడా లేకపోలేదు.

ఇంజిన్ వెనక తిరిగే ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ నడుమ ఇరుక్కుని ఉండేదే క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది, వదిలితే పట్టుకుంటుంది. ఈ రెంటికీ మధ్య ప్లేటు కొంత జారుతూ కొంత పట్టుకుంటూ ఉండే స్థితినే మన డ్రైవింగ్ స్కూళ్లలో హాఫ్ క్లచ్ అంటారు. ప్లేటు అరిగేది ఎక్కువగా అక్కడే. ట్రాక్టరు ఇంజిన్ తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది కనుక కాలు త్వరగా తీసేసినా బండి కదులుతుంది. 250 జీటీలోని మూడు లీటర్ల, 12 సిలిండర్ల ఇంజిన్ అలాంటిది కాదు. దాని అసలు బలం నిమిషానికి కొన్ని వేల చుట్లు దాటాక గానీ బయటపడదు. కొత్తవాడు ఇంజిన్ ఎక్కడ ఆగిపోతుందోనని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, క్లచ్‌ను సగంలోనే పట్టుకుని కూర్చుంటాడు. మాడిన వాసన వస్తుంది. ఇంజిన్ మోత పెరుగుతుంది కానీ వేగం పెరగదు. గేరు మార్చాక కూడా పాదాన్ని పెడల్ మీదే ఆనించి ఉంచితే రిలీజ్ బేరింగ్ కూడా అరిగిపోతుంది.

అయితే ఎంజోనూ పూర్తిగా సమర్థించలేం. రోడ్డు మీద తిరిగే కార్లు అమ్మింది ఆయన ముఖ్యంగా రేసుల ఖర్చు కోసమే. కొన్నవాడి సౌకర్యం ఆ తర్వాతి మాట.

నిజానికి తొలినాళ్లలో ఏ కారూ డ్రైవరు మీద జాలి చూపలేదు. 1891లో ఫ్రాన్స్‌లో ఎమిల్ లెవస్సోర్ ముందు ఇంజిన్, దాని వెనక క్లచ్, ఆపైన జరిగే గేర్లు పెట్టి పాన్‌హార్డ్ కారు కట్టాడు. ఈ పద్ధతి మోటుదే అయినా పనిచేస్తుందని ఆయనే అన్నాడని ప్రతీతి. ఆనాటి శంకు ఆకారపు క్లచ్‌లకు తోలు తొడిగేవారు. తోలు జారితే దాని మీద ముల్తానీ మట్టి జల్లేవారు. ఎండి బిగుసుకుపోయి బండి కుదుపుతో ఎగిరిపడుతుంటే ఆముదం పట్టించేవారు. మన నానమ్మల పెట్టెలో ఉండే సరంజామాతోనే ఐరోపా దొరల కార్లు నడిచాయన్నమాట!

గేర్లదీ అదే వరస. రెండు పళ్ల చక్రాల వేగం కలవకపోతే కరకరమని గోల. అందుకే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, వదిలి, కింది గేరుకైతే కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. పాత లారీ డ్రైవర్లకు ఈ డబుల్ క్లచ్ బాగా తెలుసు. 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ ఈ బాధను చాలావరకు తీర్చింది. దాని వెనకున్న ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్. స్పోర్ట్స్ కార్లు మాత్రం ఈ సుఖానికి ఆలస్యంగా అలవాటుపడ్డాయి. 1961లో జెనీవా ప్రదర్శనలో అందరి కళ్లూ తన వైపు తిప్పుకున్న జాగ్వార్ ఈ-టైప్‌కు ఫస్ట్ గేరులో సింక్రోమెష్ లేదు. అది 1964లో 4.2 లీటర్ల మోడల్‌తో వచ్చింది. పైగా ఆ కారు క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి బయటికి దించాలి. హాఫ్ క్లచ్ మీద మోజున్నవాడికి అదొక ఖరీదైన పాఠం.

మళ్లీ ఫెరూచ్చో దగ్గరకు వస్తే, ఆయన 1963లో సాంట్ అగాటా బోలోన్యేసేలో సొంత కార్ల కంపెనీ పెట్టాడు. ఇంజిన్ రూపకల్పనకు ఫెరారీ నుంచి బయటికొచ్చిన జొట్టో బిజ్జారినినే పెట్టుకున్నాడు. కుర్ర ఇంజనీరు జాన్‌పావ్‌లో డల్లారా కూడా ఒకప్పుడు ఫెరారీలో పనిచేసినవాడే. ఆ ఏడాది టురిన్ ప్రదర్శనకు తెచ్చిన నమూనా కారులో ఇంజిన్ ఇమడకపోతే బానెట్ కింద బరువు పెట్టి మూత వేసి చూపించారని చెబుతారు. 1964లో 350 జీటీ అమ్మకానికి వచ్చింది, 1966లో మియురా. 1974లో కొనుగోలుదారుల చేతికొచ్చిన కౌంటాష్ క్లచ్ మాత్రం కాలి పిక్కలు పట్టేసేంత బరువు. క్లచ్ కోసం పోట్లాడిన పెద్దమనిషి అప్పటికి వాటాలు అమ్ముకుని ద్రాక్షతోటల వైపు మళ్లాడు.

క్లచ్ గొడవకు మందు చివరికి ఫెరారీయే కనిపెట్టింది. 1989 మార్చిలో బ్రెజిల్ గ్రాండ్‌ప్రిలో నైజెల్ మాన్సెల్ నడిపిన ఫెరారీ 640లో స్టీరింగ్ వెనక మీటలు నొక్కితే క్లచ్ తొక్కకుండానే గేరు మారేది. జాన్ బార్నార్డ్ చేసిన ఆ గేర్‌బాక్స్ రేసు పూర్తయ్యేదాకా నిలుస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. మాన్సెల్ తిరుగు ప్రయాణానికి తొందరగా బయల్దేరే విమానానికి టికెట్ తీసుకుని ఉంచుకున్నాడు కూడా. తీరా చూస్తే రేసు ఆయనే గెలిచాడు. 1997లో ఆ మీటలు ఎఫ్355తో ఫెరారీ రోడ్డు కార్లలోకి దిగాయి. లంబోర్గినిలో గల్లార్డో తర్వాత క్లచ్ పెడల్ ఉన్న మోడల్ రాలేదు.

చిత్రమేమిటంటే, వేలంలో ఇప్పుడు ఫెరారీ ఎఫ్430, లంబోర్గిని మూర్సియెలాగో వంటి కార్లకు మూడో పెడల్ ఉంటేనే ధర ఎక్కువ. అంత పోసి కొన్నవాడికి మెకానిక్ ముందుగా చెప్పేది మాత్రం మారలేదు: సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసేయండి.