వాహనము మారెను – వాడుక మారెనా?



మా తండ్రిగారి కాలమున మా నూతికడ రెండు యంత్రములుండెడివి. ఒకటి కరెంటు మోటారు, రెండవది ఆయిల్ ఇంజను. కరెంటు వచ్చిన తరువాత సైతము ఆయన ఇంజనును అమ్మివేయలేదు. “కరెంటు రానినాడు పైరునెవరు తడుపుదురు?” అనెడివారు.

నేటి ప్రసంగవిషయమగు ప్లగ్గిన్ హైబ్రిడ్ కారు ఆ నూతివంటిదే. హైబ్రిడ్ జొన్ననెఱిగిన మీకు ఆ శబ్దము క్రొత్తది గాదు, సంకరమని యర్థము. ఈ కారునందు పెట్రోలు ఇంజనును, విద్యుత్ మోటారును గలవు. రాత్రి ఇంటివద్ద తీగ తగిలించినచో బ్యాటరీ నిండును. అది తీరునంతవఱకు సామాన్యముగా పెట్రోలు అక్కఱలేదు. తీరినపిదప ఇంజను పనినందుకొనును. ఇట్టి కారును కొన్నవారు అంతకుముందు ఏ కార్లు నడపిరి, ఆ పాతవాడుక క్రొత్తకారుననెట్లు నిలిచెను అనునదియే నేను విన్నవింపదలచిన చరిత్ర.

ఈ సంకరవాహనము నిన్న మొన్నటిది గాదు. అమెరికాలో 1900 సంవత్సరమున తయారైన సుమారు 4,200 కార్లలో 1,681 ఆవిరివి, 1,575 విద్యుత్తువి. పెట్రోలువి 936 మాత్రమే. ఆ కాలముననే ఆస్ట్రియాలో ఫెర్డినాండ్ పోర్షే అను యువకుడు ఇంజనును, విద్యుత్ మోటార్లను ఒక్క బండియందు కూర్చి, దానికి లాటిన్ భాషలో “నిత్యసజీవము” అను నర్థము గల పేరు పెట్టెను. కాని 1908లో ఫోర్డువారి చౌక కారు వెలువడెను. 1912లో చేతితో త్రిప్పనక్కఱలేకయే ఇంజనును ప్రారంభించు సాధనము వచ్చెను. పెట్రోలుకారు రాజ్యమేలెను, విద్యుత్కారు క్రమముగా మూలబడెను.

1997లో జపాను దేశమున టొయోటావారు ప్రియస్ అను హైబ్రిడ్ కారును విక్రయింపనారంభించిరి. దానియందు బ్యాటరీ యున్నను బయటినుండి కరెంటు పెట్టుటకు దారి లేదు. ఇంజను వలనను, బ్రేకు వేయునపుడు పుట్టు శక్తి వలనను అది నిండెడిది. 2004లో కాలిఫోర్నియాయందు ఫెలిక్స్ క్రామర్ మొదలగువారు ఒక ప్రియస్ కారుకు అదనపు బ్యాటరీలు చేర్చి, గోడకు తగిలించు తీగనమర్చిరి. తీగ వచ్చుటకు ముందు వారు నడపిన కారేదియని యడిగినచో, ఆ కారే!

2008 డిసెంబరులో చైనాయందు బీవైడీవారును, 2010 డిసెంబరులో అమెరికాయందు జనరల్ మోటార్స్‌వారును ఇట్టి కార్లను విక్రయింపసాగిరి. అమెరికా కారు పేరు షెవ్రొలే వోల్ట్. మొదటి వోల్ట్ కరెంటుతోనే సుమారు 56 కిలోమీటర్లు పోయెడిది. దానిని కొనుటకై పాతకారునిచ్చివేసినవారిలో ప్రియస్ కారునిచ్చినవారే యెక్కువయని ఆ సంస్థవారే 2012 ప్రాంతమున తెలిపిరి. వారు పెట్రోలును చుక్కచుక్కగా లెక్కించుటకు ముందే అలవాటుపడినవారు. కావున వోల్ట్ యజమానులు సగమునకు మించిన దూరము కరెంటుతోనే పోయిరనుటలో వింత లేదు. 2019లో దాని తయారీ నిలిచిపోయెను.

ఐరోపా కథ వేఱు. అచ్చట ప్రభుత్వములు కాగితముపై పొగ తక్కువగా చూపు కార్లకు పన్ను తగ్గించెను. సంస్థలు తమ యుద్యోగులకు వీనిని విరివిగా నిచ్చెను. ఆ యుద్యోగులలో పలువురు అంతకుముందు సంస్థ యిచ్చిన డీజిలు కార్లను నడపినవారు. నూనె ఖర్చు సంస్థదే. ఇంటి కరెంటు బిల్లు మాత్రము తరచుగా తమది. ఇక తీగ తగిలించు శ్రమనేల పడుదురు? 2021లో నమోదైన కార్ల లెక్కలనుబట్టి ఐరోపా కమీషను 2024లో ఒక నివేదిక ప్రకటించెను. ప్రయోగశాలయందు చూపినదానికంటె వాడుకలో ఈ కార్లు వెడలించు బొగ్గుపులుసు వాయువు సగటున మూడున్నర రెట్లు అధికమని తేలెను. కారు మారెను; నడపువాడు మాత్రము ఇంకను డీజిలుకారులోనే కూర్చుండియుండెను.

2014లో కాలిఫోర్నియాయందు నా తమ్ముని యింట మూడుమాసములుంటిని. పదేండ్లు పెట్రోలుకారు నడపినవాడు అప్పుడే హైబ్రిడ్ కొనియుండెను. మొదటి వారమంతయు తీగ మఱచుచు, పెట్రోలు బంకు కనబడగనే అలవాటుచొప్పున బండినటు త్రిప్పెడివాడు. మా మఱదలు అది చూచి, సంధ్యవేళ దేవునికడ దీపము వెలిగించి, ఆ వెంటనే వెళ్లి కారుకు తీగ తగిలించుట మొదలిడెను. నేను తిరిగివచ్చు నాటికి ఆ యింట దీపము మఱచినను తీగ మఱచుట లేదని నవ్వుకొంటిమి.

అపుడు నాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఏ యర్ధరాత్రమున కరెంటు వచ్చినను ఆయన లాంతరు చేతబట్టుకొని, పాము పుట్రయని సంకోచింపక నూతికడకు బోయి మోటారు వేసెడివారు. ఇంజను ప్రక్కనే యుండెను. కాని దాని నూనెకు డబ్బు పోవునది తన మొలసంచి నుండియే గదా! ఆయనకు ప్రభుత్వపు రాయితీ లేదు, నివేదిక లేదు. రెండు యంత్రములలో దేనినెప్పుడు వాడవలయునో తెలిసిన మనుష్యుడు నూతికడ నుండెను, అంతే.

మీ పిల్లలు ఇట్టి కారు కొందుమని యడిగినచో ధరయెంతయని పిదప అడుగుడు. ఇదివఱకేమి నడపితివి, నూనెకు డబ్బెవరిచ్చిరి, ఇకమీదట రాత్రి తీగ తగిలించువారెవరు అని ముందుగా నడుగుడు.