నిప్పు పెట్టి పెంచిన పూలు

1837లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని గ్రాండ్ డిటూర్ అనే ఊళ్లో జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు నాగలి చేశాడు. అంతకుముందు ఇనప నాగళ్లకు ప్రెయిరీ అనే పొడవుగడ్డి మైదానాల జిగటమన్ను అంటుకుపోయేది. రైతు మాటిమాటికీ ఆగి గీక్కోవాల్సి వచ్చేది. ఉక్కుకి ఆ బెడద లేదు. ఇక ఆ మైదానాలు మొక్కజొన్న చేలుగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు. ఒకప్పుడు 17 కోట్ల ఎకరాల్లో పరుచుకున్న ఆ నేలలో ఇప్పుడు మిగిలింది 4 శాతం లోపే.

మిగిలిందైనా ఎక్కడ? రైలుపట్టాల పక్కన, పాత శ్మశానాల మూలల్లో. అంటే నాగలి వెళ్లడానికి వీల్లేని చోట్ల. విస్కాన్సిన్‌లో అలాంటి ఒక శ్మశానం మూల పూసే కంపాస్ ప్లాంట్ గురించి ప్రకృతి పరిరక్షకుడు ఆల్డో లియోపోల్డ్ తన పుస్తకంలో రాశాడు. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క ఇది. ఆకుల అంచులు ఉత్తర దక్షిణాలను చూస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఆ లియోపోల్డ్ పనిచేసిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమే మాడిసన్ నగరంలోని తన ఆర్బోరేటంలో (వృక్షవనంలో), పాత పొలంగా, గుర్రాల మేతబీడుగా ఉన్న నేలను మళ్లీ ప్రెయిరీగా మార్చాలనుకుంది. 1935లో వృక్షశాస్త్రవేత్త నార్మన్ ఫాసెట్ తొలి ప్రయోగాలు మొదలుపెట్టాడు. మరుసటి ఏడు ఇల్లినాయ్ ప్రెయిరీ మొక్కల వేళ్లను తవ్వి పరిశీలించిన థియొడోర్ స్పెర్రీ వచ్చాడు. చేతులు మాత్రం ఆర్థిక మాంద్యంలో పని దొరకని కుర్రాళ్లవి. ప్రభుత్వ ఉపాధి పథకమైన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ ఇచ్చే నెలకు 30 డాలర్లలో 25 దాకా ఇంటికే వెళ్లేవి. వాళ్లు మిగిలిన ప్రెయిరీ ముక్కల నుంచి మట్టిపెళ్లలతో సహా మొక్కలు పెకలించి తెచ్చి పాతారు, గింజలు చల్లారు. అదీ కరువు రోజుల్లో. ఈ పూల చరిత్రలో శాస్త్రవేత్తల పేర్లు నిలిచాయి, పార పట్టిన కుర్రాళ్ల పేర్లు ఎవరికీ అంతగా తెలియవు.

నాటితే సరిపోలేదు. కెంటకీ పేరు పెట్టుకున్నా ఐరోపా నుంచి వచ్చిన బ్లూగ్రాస్ అనే గడ్డి కమ్ముకొచ్చింది. అప్పుడు వృక్షశాస్త్రవేత్తలు జాన్ కర్టిస్, మాక్స్ పార్చ్ కొన్ని మడులకు నిప్పు పెట్టి చూశారు. బ్లూగ్రాస్ వసంతం రాగానే చిగురిస్తుంది కనుక అప్పుడు పెట్టిన మంటకు దెబ్బతింటుంది. ప్రెయిరీ మొక్కల మొగ్గలు నేల కిందే ఉంటాయి. పైనున్న ఎండుచెత్త కాలిపోతే వాటికి వెలుతురు, వెచ్చదనం దక్కుతాయి. స్థానిక ఆదివాసీ జాతులు తరతరాలుగా ఈ నేలలను కాలుస్తూనే వచ్చాయి. వలసదారులు ఆపేసిన పనినే విశ్వవిద్యాలయం ప్రయోగమని పేరు పెట్టి కొత్తగా కనుక్కుంది! ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో పక్కవాళ్ల పొలంలో గడ్డి అంటుకుంటే ఆర్పడానికి వెళ్లిన లియోపోల్డ్ గుండె ఆగి చనిపోయాడు.

కర్టిస్ 1961లో మరణించాక ఆర్బోరేటంలోని ఆ తొలి ప్రెయిరీకి ఆయన పేరే పెట్టారు. అక్కడే మరో ప్రెయిరీని శిలీంధ్రాల నిపుణుడు హెన్రీ గ్రీన్ 1940లలో మొదలుపెట్టి దాదాపు ఒంటరిగా నాటాడు. ఇల్లినాయ్‌లో 1975 నుంచి ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని కణత్వరణ యంత్రపు వలయం లోపల కూడా ప్రెయిరీ పెంచారు.

కర్టిస్ ప్రెయిరీకి ఇప్పటి తలనొప్పి వాననీరు. నగరం నుంచి, పక్కనున్న పెద్ద రోడ్డు నుంచి మురికి, పోషకాలు మోసుకొచ్చి పల్లపు చోట్ల నిలుస్తుంది. అక్కడ రీడ్ కెనరీ గడ్డి దట్టంగా పెరిగి పూల మొక్కలను తొక్కేస్తోంది.