కామారెడ్డి బీడీ, దవడ ఎముక

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో బీడీలు చేయడమంటే ఇంటి అరుగు మీద, ఒళ్లో చాట పెట్టుకుని సాగే పని. చాటలో తునికాకు, పొగాకు, దారం. రాత్రి నానబెట్టిన ఆకును రేకు అచ్చు ఆనించి కత్తెరతో కోస్తారు. చిటికెడు పొగాకు పరిచి చుట్టి, దారం కట్టి, మూతి లోపలికి మడుస్తారు. చేయి తిరిగిన మనిషి కబుర్లు చెబుతూనే వందల కొద్దీ చుట్టేస్తుంది. కూలి మాత్రం వేయి బీడీల లెక్కన. కార్ఖానాలో అప్పగించినప్పుడు బాగా లేవని పక్కకు తీసేసినవాటికి పైసా రాదు.

ఈ పని ఇక్కడ పాతుకుపోవడానికి కారణాలున్నాయి. 20వ శతాబ్దం మొదట్లో మధ్య భారతంలో పెద్ద వ్యాపారంగా ఎదిగిన బీడీకి ఆకు, రవాణా, చవకైన చేతులు కావాలి. తునికాకు ఈ చుట్టుపక్కల అడవుల్లోనే దొరుకుతుంది. నిజాం కాలంలో వేసిన సికింద్రాబాద్-మన్మాడ్ రైలుమార్గం కామారెడ్డి మీదుగా పోతుంది. మరి చేతులు? 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ కాలువ బాన్సువాడ, బోధన్ వైపు పారింది కానీ కామారెడ్డి మెట్టకు అందలేదు. మగ్గాలు మూలపడ్డ పద్మశాలి ఇళ్లు, బోరు ఎండిన రైతు ఇళ్లు, మగవాళ్లు గల్ఫ్‌కు పోయిన ఇళ్లు బీడీల వైపు మళ్లాయి.

1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి మొదలై, 2019లో 2,016 రూపాయలైంది. ఆడపిల్లల చదువులు, పెళ్లిళ్లు ఈ చాటలోంచే గడిచాయి. ఆ కూలిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అయితే బీడీ కథ చుట్టేవాళ్లతో ఆగదు, తాగేవాళ్ల నోటిదాకా వెళ్తుంది. బీడీ ఆకుతో చుట్టింది, పొగాకు తక్కువ, కాబట్టి సిగరెట్టంత చెరుపు చేయదని జనంలో ఒక నమ్మకం. కానీ తునికాకు కాగితంలా సులువుగా కాలదు. ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ, గట్టిగా పీల్చాలి. దాంతో నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ దండిగా లోపలికి పోతాయి. నికోటిన్ చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. అందుకే పొగ తాగేవారి చిగుళ్లు జబ్బు పడినా రక్తం పెద్దగా కారదు. నొప్పీ లేదు, రక్తమూ లేదు కదా అని మనిషి ధీమాగా ఉంటాడు. లోపల ఎముక కరిగిపోతూ ఉంటుంది, పళ్లు కదిలేదాకా తెలియదు.

ఊడిన పళ్ల స్థానంలో ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం మర, పెట్టించుకునే వారికి ఇక్కడే చిక్కొస్తుంది. టైటానియం ఎముకతో కలిసిపోతుందని స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ 1950లలో గమనించాడు, 1965లో తొలి రోగికి అమర్చాడు. ఆయన పద్ధతిలో కింది దవడకు సుమారు మూడు నెలలు, మెత్తటి ఎముకున్న పై దవడకు ఆరు నెలలు ఆగాలి. ఆ నెలల్లో ఎముక ఆ మర చుట్టూ కొత్తగా పెరగాలి, దానికి రక్తం అందాలి. పొగ దెబ్బతీసేది సరిగ్గా ఆ రక్తప్రసరణనే.

1993లో బేన్, మోయ్ అనే ఇద్దరు దంతవైద్యులు 540 మందికి పెట్టిన 2,194 ఇంప్లాంట్ల లెక్క తీశారు. పొగ తాగనివారిలో 4.76 శాతం విఫలమైతే, తాగేవారిలో 11.28 శాతం విఫలమయ్యాయి. రెట్టింపుకు పైమాటే. 1996లో బేన్ ఇంకో సంగతి తేల్చాడు. ఆపరేషన్‌కు వారం ముందు మానేసి, తర్వాత ఎనిమిది వారాలు ముట్టకుండా ఉన్నవారిలో ఫలితాలు తాగనివారి దరిదాపుల్లోకి వచ్చాయి.

ఆ లెక్కలు సిగరెట్టువి, బీడీకి వర్తించవనుకుంటే పొరపాటే. కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా ఇంప్లాంట్ కోసం కుర్చీలో కూర్చునేవారు రోజుకు ఎన్ని బీడీలు తాగుతారో దాచకుండా చెప్పాలి. డాక్టర్లు కూడా సిగరెట్ గురించి అడిగి ఊరుకోకుండా బీడీ, చుట్ట, గుట్కా పేరుపేరునా అడగాలి.